బిగువు తెలియని చెయ్యి

బోల్టును ఎక్కడిదాకా బిగించి ఆపాలో నాకు తెలిసేది కాదు. హైస్కూలు పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పి జీతం తీసుకునే మనిషిని. బలాన్ని దూరంతో గుణిస్తే బల భ్రామకం వస్తుందని ఏటా నల్లబల్ల మీద రాస్తాను. ఆ సూత్రం తెలిసిన చేతులతోనే నా బండి ఇంజన్ అడుగున మరలు తెంపాను. తెగుతున్నప్పుడు చేతికి తెలిసింది కూడా. అంతవరకూ ఎదురు తిరుగుతున్న బోల్టు ఒక్కసారిగా మెత్తబడి, పానా సులువుగా తిరిగింది. బాగా కూర్చుందనుకున్నాను. దానివల్ల నా భార్య రోడ్డు మీద పడింది. అందుకే ఇది రాస్తున్నాను.

మా కాపురం ఆత్మకూరులో. బడి ఉదయగిరి దాటి లోపలికి పోవాలి. వారమంతా ఉదయగిరిలో కొండ కింద అద్దె గదిలో ఉండి, శనివారం సాయంత్రం ఆత్మకూరు చేరతాను. రెండు ఊళ్ళలోనూ ఆర్టీసీ డిపోలున్నాయి. కానీ బస్సు వేళ బడి గంటకు కుదరదు. పడమటి నెల్లూరు మెట్టలో టీచరైనా, ఏఎన్ఎం అయినా, పాలు పోసేవాడైనా బండి లేకుండా రోజు గడపలేరు. రోడ్డు మీద దుమ్ము, అంచున కంకర, ఏప్రిల్ వచ్చిందంటే మనిషీ ఇనుమూ ఒకే తీరున కాగే ఎండ. ఇట్లాంటి చోట బండిని చూసుకోవడం సరదా పని కాదు.

మా నాయినకు సువేగా ఉండేది. తిరుపతిలో తయారైన మోపెడ్. టూ స్ట్రోక్ ఇంజన్ కాబట్టి పెట్రోల్లో ఆయిల్ కలిపి పోయాలి. ఆ ఆయిల్ సగం కాలి సగం కాలక ప్లగ్గు కొనకు మసి పట్టేది, దారిలో ఆగిపోయేది. ఆయన దిగి, ప్లగ్గు పానా తీసి, ఇంకా వేడిగా ఉన్న ప్లగ్గును పంచె కొంగుతో పట్టుకుని ఊడదీసి, గరుకు కాగితంతో రుద్ది, ఊది, మళ్ళీ బిగించి ఎక్కేవాడు. ఆ కాలంలో బండి ఉన్న ప్రతివాడికీ ఆ మాత్రం పని వచ్చు. రాకపోతే చీకటి పడేలోగా ఇల్లు చేరడు.

1985లో హీరో హోండా సీడీ 100 వచ్చింది. ఫోర్ స్ట్రోక్. ఆయిల్ వేరు, పెట్రోల్ వేరు, ప్లగ్గుకు మసి పట్టే బాధ చాలావరకు పోయింది. పెట్రోల్ పోయ్, మూత పెట్టు, మర్చిపో అనే అర్థం వచ్చే ఇంగ్లీషు ప్రకటనతో దాన్ని దేశమంతా అమ్మారు. మైలేజీ గురించి చెప్పిన మాట అది. నేను మొత్తం బండి గురించి చెప్పినట్టు తీసుకున్నాను. 1994లో స్ప్లెండర్ వచ్చింది. ఇప్పుడు నా దగ్గరున్నదీ ఆ పేరుదే. పక్క డబ్బాలో కంపెనీ వాళ్ళిచ్చిన పానాల సంచికి కట్టిన తాడు ఏళ్ళ తరబడి విప్పలేదు. నాయినకు తెలిసిన పని నా తరానికి వచ్చేసరికి ఇంట్లోంచి వెళ్ళిపోయింది. వెళ్ళిపోయిందన్న సంగతి కూడా నేను గమనించలేదు.

ఏం చేసేవాణ్ణి? పెట్రోల్ పోయించేవాణ్ణి. గాలి తగ్గి బండి లాగుతుంటే అప్పుడు కొట్టించేవాణ్ణి. చైను ఎండిపోయి కీచుమంటుంటే, ఎవరో చెప్పారని, బంకులో దొరికిన నల్లటి వాడేసిన ఆయిల్ దాని మీద పోసేవాణ్ణి. చప్పుడు ఆగేది. ఆ ఆయిల్‌లో ఇనుప రజను ఉంటుంది. ఉదయగిరి రోడ్డు దుమ్ము వచ్చి దానికి అంటుకుంటుంది. రెండూ కలిసి చైను పిన్నులను, షెడ్డుల్లో సాకెట్ అనే స్ప్రాకెట్ పళ్ళను రోజూ కొంచెం కొంచెం ఆకురాయి పట్టినట్టు అరగదీస్తాయి. కిరసనాయిలు గుడ్డతో తుడిచి, 90 నంబరు గేర్ ఆయిల్ నాలుగు చుక్కలు లోపలి వైపు వేసి, పైకి కారింది తుడిచేస్తే సరిపోయే పని. పది నిమిషాలు పట్టదు. పైసా ఖర్చు లేనంత చవక. నేను చెయ్యలేదు.

దాని ఫలితంగా చైను పోయింది. ఆత్మకూరులో నేను మొదటినుంచీ చూపించుకునే మెకానిక్ తన షెడ్డులో నా బండిని సెంటర్ స్టాండు వేసి, వెనక సాకెట్ మీద చైనును వేలితో వెనక్కి లాగాడు. చైను లేచి సాకెట్ పన్ను సగానికి పైగా బయటపడింది. పళ్ళు ఒకవైపుకు వంగి కొక్కేల్లా ఉన్నాయి. ఆయన నా కళ్ళ ముందే చూపించాడు. నేను చూశాను, అర్థం కాలేదు. అర్థం కాలేదని ఒప్పుకోవడం ఇష్టం లేకపోయింది. చైనూ సాకెట్లూ కలిపి సెట్టు మార్చి బిల్లు చెప్పాడు. నలుగురు బండ్లవాళ్ళు నిలబడి ఉండగా అన్నాను: "బాగుండే చైను పీకి కొత్తది అంటగట్టావు. చదువుకున్నోళ్ళనే ఇట్టా చేస్తే పల్లెల్లో వాళ్ళ గతేంది?"

అప్పటిదాకా ఆయన్ని మీరు అనేవాణ్ణి. ఆ రోజు నువ్వులోకి దిగాను. ఆయన నా పాత చైనును కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టాడు. "తీసుకుపోండి సార్, ఎవురికైనా చూపియండి" అన్నాడు. నేను ఎవరికీ చూపించలేదు.

ఇకనుంచి నా బండి పని నేనే చేసుకుంటానని తీర్మానించుకున్నాను. కోపంలో పుట్టిన తీర్మానమని తెలుస్తూనే ఉన్నా, దానికి పుస్తకం మద్దతు కూడా సంపాదించాను. హైదరాబాద్ అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్న పాత ఇంగ్లీషు పుస్తకం ఒకటి నా గదిలో ఉంది. అమెరికావాడు రాబర్ట్ పిర్సిగ్ 1974లో ప్రచురించిన జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటార్‌సైకిల్ మెయింటెనెన్స్. కొడుకును వెనక కూర్చోబెట్టుకుని మోటార్ సైకిల్ మీద చేసిన ప్రయాణం చుట్టూ అల్లిన తాత్విక పుస్తకం. అందులో ఒక చోట ఆయన బండిని షాపుకిస్తాడు. అక్కడి కుర్రాళ్ళు రేడియో గట్టిగా పెట్టుకుని, శ్రద్ధ లేకుండా సుత్తి వాడి పాడు చేస్తారు. అసలు లోపం ఆయిల్ సరఫరా దారిలో విరిగిన ఓ చిన్న పిన్నుదని తర్వాత ఆయనే కనిపెడతాడు. నేను అంతవరకే చదివి పుస్తకం మూశాను. షాపుల మీద నాకున్న కసికి ప్రపంచ స్థాయి సాక్షి దొరికాడనుకున్నాను. తర్వాతి అధ్యాయాల్లో ఆయన ఏం చెప్పాడో నాకు అక్కర్లేకపోయింది.

నెల్లూరు వెళ్ళి పానాల సెట్టు కొన్నాను. ఫోన్‌లో వీడియోలు చూశాను. వీడియోలో చెయ్యి కనిపిస్తుంది, చేతిలో ఉన్న బలం కనిపించదు. ఈ మాట నాకు ముందే తట్టవలసింది. సైన్సు టీచర్ని, కొలత లేని ప్రయోగం చూసి నమ్మకూడదని పిల్లలకు చెప్పేవాణ్ణి.

ఒక ఆదివారం ఉదయగిరి గది వసారాలో ఆయిల్ మార్చడానికి కూర్చున్నాను. 17 నంబరు రింగు పానాతో డ్రెయిన్ బోల్టు విప్పాను. నల్లటి ఆయిల్ పాత పళ్ళెంలోకి దిగింది. చూడటానికి బాగుంది, నాయిన గుర్తొచ్చాడు. బోల్టుకు ఒక అల్యూమినియం వాషర్ ఉంటుంది. బిగించినప్పుడు అది నలిగి, సందు మూసుకుని, ఆయిల్ కారకుండా ఆపుతుంది. ఒకసారి నలిగినది రెండోసారి అంతగా పనికిరాదు, మార్చెయ్యాలి. కొన్ని రూపాయల వస్తువు. నాకు తెలియక పాతదే వేసి బిగించాను. కొత్త ఆయిల్ పోసి చూస్తే కింద చుక్క. ఇంకొంచెం బిగించాను. మళ్ళీ చుక్క. లోపం వాషర్లో ఉంటే నేను బలంతో ఆపాలని చూశాను. గది యజమాని పెరట్లో జీఐ పైపు ముక్క పడుంటే తెచ్చి పానా తోకకు తొడిగాను.

ఇక్కడ లెక్క చెప్పాలి, ఇది నాకు వచ్చిన లెక్క. పానా పొడవు 15 సెంటీమీటర్లు, చేత్తో 200 న్యూటన్ల బలం పెడితే 30 న్యూటన్ మీటర్ల భ్రామకం. ఈ తరగతి బళ్ళకు ఆ బోల్టు దగ్గర కావలసింది సుమారు అంతే. పైపు తొడిగాక పొడవు 45 సెంటీమీటర్లయింది. అదే చెయ్యి, అదే బలం, 90 న్యూటన్ మీటర్లు. బోల్టు ఉక్కుది. అది దిగే ఇంజన్ పెట్టె అల్యూమినియంది. మెత్తనిదీ గట్టిదీ కొట్లాడితే ఏది పోతుందో ఎనిమిదో తరగతి పిల్లవాడు చెబుతాడు. ఇంత తెలిసిన నేను పైపు తొడుగుతున్నప్పుడు ఈ లెక్కను ఒక్కసారి తలుచుకోలేదు. తెలుసుకున్న చదువు ఒక గదిలో, చేసే పని ఇంకో గదిలో ఉండిపోయాయి. రెంటికీ మధ్య తలుపు తీసే అలవాటు నాకు లేదు. పాఠం చెప్పేటప్పుడు పిల్లలకు కూడా ఆ తలుపు నేనెప్పుడూ తీయలేదని అప్పటికి నాకు తెలియదు.

పానా మెత్తగా తిరిగింది. చుక్క కాసేపు ఆగింది. తీసిన నల్ల ఆయిల్ ఏం చెయ్యాలో తెలియక, చెదలకు మంచిదంటారని వేపచెట్టు మొదట్లో పోశాను. భూమిలోకి దిగి నీళ్ళను చెరిచే సరుకు అది. మెకానిక్ షెడ్డువాళ్ళు దాన్ని డ్రమ్ములో పోగేస్తారు. సెంట్రింగ్ పలకలకు పూసుకోవడానికి మేస్త్రీలు పట్టుకుపోతారు. ఊళ్ళో ప్రతి పనికీ ఒక దారి ఉంది. దాన్ని అడిగి తెలుసుకునే ఓపిక నాకు లేకపోయింది.

ఆ తర్వాత గదిలో నేల మీద మళ్ళీ మరక కనబడింది. బోల్టుకు టెఫ్లాన్ టేపు చుట్టి పెట్టాను. మనసు ఒప్పుకోలేదు, అయినా ఊరుకున్నాను. షెడ్డుకు తీసుకెళితే ఏం జరిగిందో చెప్పాలి గదా!

జూన్‌లో నర్రవాడ వెంగమాంబ పేరంటాలమ్మ తిరునాళ్ళు. మా ఆవిడ ఆత్మకూరు నుంచి బస్సులో ఉదయగిరి వచ్చింది. ఇద్దరం బండి మీద బయల్దేరాం. దుత్తలూరు వైపు వెళుతుండగా ఆమె అంది: "ఏమండీ, కాలికి ఏందో తగలతా ఉండాది. చీర అంచు తడిసింది, నూనె మాదిరి."

"చైనుకు పూసిందిలే" అన్నాను.

ఆమెకు కనిపించింది చెప్పింది. నాకు తెలిసిందే నిజమనుకున్నాను. బోల్టు సందులోంచి కారిన ఆయిల్ గాలికి వెనక్కి చిమ్మి ఆమె కాలి మీద, చీర మీద, వెనక టైరు మీద పడుతోంది. ఇసుక మేటవేసిన ఒక మలుపులో వెనక చక్రం పక్కకు జారింది. వేగం తక్కువ కాబట్టి బతికాం. ఆమె మోచేతికీ మోకాలికీ చర్మం లేచింది. తిరునాళ్ళకు వెళుతున్న ట్రాక్టరు ట్రాలీలోని ఆడవాళ్ళు దిగి ఆమెను లేపారు. నీళ్ళు పోసి కడిగారు. చీర అంచు జానెడు మేర నల్లగా ఉంది. ఆమె నన్నేమీ అనలేదు. ఇంటికొచ్చాక ఒక్కమాట అడిగింది: "నేను చెప్పినప్పుడు ఆపి చూసుంటే ఏం పోయింది?" దానికి నా దగ్గర సమాధానం లేదు, ఇప్పటికీ లేదు.

బండిని టాటా ఏస్‌లో ఎక్కించి ఆత్మకూరు తెచ్చాను. వేరే షెడ్డుకు వెళదామనుకున్నాను. టాటా ఏస్ దింపింది మాత్రం పాత షెడ్డు ముందే. డ్రైవరు అదే మంచిదన్నాడు. మెకానిక్ భాయ్ బండి కింద పడుకుని బోల్టును వేళ్ళతోనే విప్పాడు. పానా అక్కర్లేకపోయింది. బోల్టు మరల్లో తెగిన అల్యూమినియం వెండి తీగలా చుట్టుకుని ఉంది. దాన్ని నా అరచేతిలో పెట్టాడు.

"ఎవురు బిగించారు సార్?"

"నేనే."

"పైపు పెట్టినారా?"

తలూపాను. ఆయన నవ్వలేదు. పాత గొడవ ఎత్తలేదు. బోల్టు విప్పకముందే డిప్‌స్టిక్ తీసి తుడిచి, మర తిప్పకుండా ఊరికే ఆనించి, తీసి చూశాడు. కొనకు కూడా ఆయిల్ సరిగ్గా అంటలేదు. "ఇంజన్ బతికింది. ఇంకొంచెం దూరం పోయుంటే బోరుకొచ్చేది" అన్నాడు. అట్లా ఆనించి చూడాలని, మర బిగించి చూస్తే ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుందని ఆ రోజే నాకు తెలిసింది. కంపెనీవాళ్ళు ఇచ్చిన చిన్న పుస్తకంలో ఆ సంగతి ఉంది. నేను దాన్నీ విప్పలేదు.

ఇంజన్ దించి, లేత్ షాపులో ఆ రంధ్రాన్ని పెద్దది చేయించి, ఉక్కు బుష్ వేయించి, లోపల కొత్త మర తీయించాడు. తెచ్చిన సాయంత్రం ఆయన చేసిన పని నేను మర్చిపోలేను. మూలన పడేసిన పాత ఇంజన్ పెట్టె ఒకటి తెచ్చి నా ముందు పెట్టాడు. బోల్టు, కొత్త వాషర్ ఇచ్చాడు. "ముందు చేత్తో తిప్పండి సార్. తిరిగినంతసేపు తిప్పండి. ఆగిందా? వాషర్ తగిలింది. ఇప్పుడు పానా పెట్టండి. తోక చివర పట్టుకోవాకండి, నడుమ పట్టుకోండి. మణికట్టుతోనే. వాషర్ నలగతా ఉండాది, తెలస్తా ఉండాదా? అదిగో, గట్టిపడింది. ఇక్కడ ఆగాల." నా మణికట్టు మీద తన వేళ్ళు పెట్టి ఆపాడు. ఆ ఆగే చోటు నాకు జీవితంలో మొదటిసారి తెలిసింది. తర్వాత కావాలనే అదే బోల్టును బలంగా తిప్పించి, మెత్తబడి తెగే చోటు కూడా చూపించాడు. పాత పెట్టె కాబట్టి నష్టం లేదన్నాడు.

గదికి పోయి పిర్సిగ్ పుస్తకం మళ్ళీ తీశాను. నేను వదిలేసిన పేజీల్లో అదే ఉంది. లోహానికి సాగే గుణం ఉందని, నట్టు మొదట వేళ్ళకు ఆగుతుందని, తర్వాత ఆనుతుందని, ఆ తర్వాతే బిగువు వస్తుందని, ఆ మెట్లు తెలిసిన చేతిని బట్టే మెకానిక్‌ను గుర్తించాలని వివరంగా రాశాడు. ఇంగ్లీషు చదవడం రాని ఆత్మకూరు మనిషి ఆ అధ్యాయమంతా నా మణికట్టు మీద చెప్పాడు.

ఇంకో సంగతి నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఉదయగిరికి ఎవరైనా చుట్టాలొస్తే నేను దుర్గం చూపిస్తాను. 1514లో కృష్ణదేవరాయలు గజపతుల నుంచి ఆ కోటను ఎంత కాలం ముట్టడించి గెలిచాడో చెబుతాను. తర్వాత ఊళ్ళో చెక్క గరిటెలు, చెంచాలు చేసేవాళ్ళ దగ్గరకు తీసుకెళతాను. ఉదయగిరి చెక్క గరిటెలకు భౌగోళిక గుర్తింపు ఉందని గొప్పగా చెబుతాను. ఉలి ఎక్కడ ఆపాలో వాళ్ళ చేతికి ఎట్లా తెలుసో చూడండి అని నిలబెట్టి చూపిస్తాను, బేరమాడకుండా కొనిపిస్తాను. అదే చేతి జ్ఞానం గ్రీజు అంటుకుని షెడ్డులో ఉంటే నాకు కనబడలేదు. దానికి బిల్లు అడిగితే దొంగ అన్నాను. గుర్తింపు కాగితం ఉన్న పనికి నమస్కారం, లేని పనికి అనుమానం. నా మూర్ఖత్వమంతా ఈ రెండు ముక్కల్లో ఉంది.

అలాగని షెడ్డులన్నీ ఒకటే అనను. పళ్ళున్న పట్టకారుతో బోల్టు తలకాయలు గుండ్రంగా అరగదీసే కుర్రాళ్ళను చూశాను. నాకు కోపం వచ్చింది కూడా. మంచి చేతినీ చెడ్డ చేతినీ వేరు చేసి చూడటానికి మన చేతికి కొంత పని తెలిసి ఉండాలి. ఆ తెలివి లేకే నేను మంచివాణ్ణి అనుమానించాను.

ఇప్పుడు చైను నా పని. బండి సెంటర్ స్టాండు మీద ఉంచి, చక్రం తిప్పుతూ, అన్నిటికంటే బిగుతుగా ఉన్న చోటు వెతికి, అక్కడ కింది చైనును వేలితో ఎత్తి చూస్తాను. మా బండికి 20 నుంచి 30 మిల్లీమీటర్ల ఆట ఉండాలి. మొదట్లో ఆట లేకుండా లాగి కట్టడమే మంచిదనుకునేవాణ్ణి. మనిషి కూర్చుంటే వెనక చక్రం పైకి లేస్తుంది, రెండు సాకెట్ల మధ్య దూరం పెరుగుతుంది, వదులు లేకపోతే ఆ లాగుడంతా బేరింగుల మీద పడుతుంది. గాలి పొద్దున్నే చక్రాలు చల్లగా ఉన్నప్పుడు చూస్తాను. ఆయిల్ మట్టం వారానికోసారి చూస్తాను. నాయిన చేసిన ప్లగ్గు పని కూడా మళ్ళీ చేతికొచ్చింది. కుడివైపు మూత విప్పి లోపల తిరుగుతూ మురికిని గోడకు కొట్టే ఆయిల్ ఫిల్టర్ కడగడం, ట్యాపెట్లు, క్లచ్ ప్లేట్లు భాయ్ పని. డ్రెయిన్ బోల్టు ఆయన షెడ్డులోనే, ఆయన చూస్తుండగా నేను బిగిస్తాను. ఆయన వేలితో తాకి చూస్తాడు. ఊ అంటే లేస్తాను.

నలుగురిలో అన్న మాటను నలుగురిలోనే వెనక్కి తీసుకోవాలి. ముందు ఆయన ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పి చేతులు దులుపుకున్నాను. మా ఆవిడ అది సరిపోదంది. ఒక ఆదివారం ఉదయం, బండ్లు వరసగా నిలబడి ఉన్న వేళ వెళ్ళి, చైను విషయంలో తప్పు నాదని, ఆయన చేసిన పని సరైనదని అందరికీ వినపడేట్టు చెప్పాను. గొడవ రోజు విన్న నలుగురూ ఆ ఆదివారం అక్కడ లేరు. వాళ్ళు ఆ మాటను ఎక్కడెక్కడికి మోసుకుపోయారో నాకు తెలియదు. దాని వల్ల ఆయనకు తగ్గిన బేరం ఎంతో కూడా తెలియదు. అది నేను తీర్చలేని బాకీ.

2020 ఏప్రిల్ నుంచి వచ్చే బళ్ళకు బీఎస్ 6 నిబంధనలు. కార్బురేటర్ పోయి ఇంజెక్షన్ వచ్చింది. సత్యవేడు దగ్గర హీరో ఫ్యాక్టరీ కూడా వచ్చింది. భాయ్ మాత్రం ఆ కొత్త బళ్ళ లోపాలు చూపే స్కానర్ కొనాలా వద్దా అని లెక్క వేసుకుంటున్నాడు. సెన్సర్ల వైరింగ్ పటాలు ఇంగ్లీషులో ఉంటాయి. ఆయన ఫోన్‌లో పంపిస్తే నేను చదివి తెలుగులో రాసి ఇస్తున్నాను. ఏ వైరులో ఎన్ని వోల్టులు ఉండాలో ఇద్దరం మల్టీమీటర్ పెట్టి చూస్తున్నాం. అక్కడ నా చదువు పనికొస్తోంది.

మా బడిలో పుస్తకాల సంచి లేని శనివారం ఉంటుంది. బల భ్రామకం పాఠం ఆ రోజు చెప్పడానికి రమ్మని ఆయన్ని అడిగాను. "నేనేం చెప్తాను సార్, నాకు పాఠాలొస్తాయా" అన్నాడు. నాకు చెప్పిందే వాళ్ళకూ చెప్పమన్నాను. పాత ఇంజన్ పెట్టె, బోల్టులు, వాషర్ల పొట్లం తెస్తానన్నాడు. పిల్లలు ఎంతమందో అడిగాడు. అందరి చేతికీ పానా అందాలంటే పెట్టె ఒకటి చాలదు, ఇంకో రెండు వెతుకుతానన్నాడు.